ఆయన వంతు

పదో తరగతి పేపర్లు దిద్దే పని ముగిసిన మర్నాడు బీరువా మీదనుంచి ఆయన బాంజో పెట్టె దించాను. పది నెలల దుమ్ము పట్టి ఉంది. తడిగుడ్డతో తుడుస్తుంటే మా అత్తమ్మ జయమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చూసింది. పెట్టె మూత తీయగానే అడిగింది.

"ఏంది లతా, ఎవలకన్న ఇస్తున్నవా?"

లేదు, నేను నేర్చుకుంటానని చెప్పాను.

"ఏడాది ఎల్లలే ఇంక. ఇంట్ల బాజా మోగుతదా?"

ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. మా ఇళ్ళలో మనిషి పోయిన ఏడాది పండుగ చేయరు, గడపకు తోరణం కట్టరు, పాట పెట్టరు. ఆ పది నెలలూ మా నాంపల్లి ఇంట్లో టీవీ వార్తలు, కుక్కర్ ఈల, కింద రోడ్డు మీది హారన్లు తప్ప వేరే చప్పుడు లేదు. బయటికి వినిపించకుండా నేర్చుకుంటానన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. తన గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

నా భర్త పేరు అంజన్. ఆబిడ్స్‌లో ఒక బీమా ఆఫీసులో గుమాస్తా. అంతకుముందు జూన్‌లో ఆఫీసు మెట్లెక్కుతూ కూలబడ్డారు. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు. నలభై తొమ్మిదేళ్ళు. మాకు పిల్లలు లేరు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా ఈ వాయిద్యం. పెళ్ళి ఊరేగింపుల్లో మీటలు నొక్కుతూ వాయించే బెంజో కాదిది. డప్పు లాంటి గుండ్రని తెల్లని ముఖం, పొడుగాటి మెడ, ఐదు తీగలు. నాలుగు నిండు పొడవువి, ఐదోది పొట్టిది. దాన్ని బిగించే మర మెడ సగంలోనే ఉంటుంది. అమెరికాలో కొండ ఊళ్ళ వాళ్ళు వాయించుకునే బ్లూగ్రాస్ అనే సంగీతానికి ఇది ముఖ్యమట. పోవడానికి ఆరేళ్ళ ముందు ఆబిడ్స్‌లో ఒక పాత వాయిద్యాల దుకాణంలో గోడకు వేలాడుతుంటే చూసి ఇంటికి తెచ్చారు. ఇదెందుకు అని అడిగాను. "చాన్నాళ్ళ నుంచి దీన్ని ఎవలూ అడుగుతలేరట" అన్నారు.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో రాజనర్సుకు ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. ఒకప్పుడు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించేవాడు. ఫోనులో ఈ సంగీతం విని దీని వెంట పడ్డాడు. తపాలా ఉద్యోగం చేసి రిటైరైన శ్యామ్‌సుందర్ గారు మాండొలిన్ వాయిస్తారు. పిల్లలకు సంగీతం చెప్పే స్వర్ణ వయొలిన్ వాయిస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఆ దుకాణం పైగదిలో ఈ ముగ్గురూ, ఆయనా. ఆయన పోయిన పదకొండో రోజున రాజనర్సు మా ఇంట్లో అందరి ముందూ ఏడ్చాడు.

"అన్న చెయ్యి లేకుంటె మాకు పాటనే లేదు వదినె. ఆ కుర్చీ అన్నది. ఏడాది దాక అండ్ల ఎవ్వల్ని కూసోనియ్యం" అన్నాడు.

ఆ పది నెలలు నేను ఆ మాటను పట్టుకునే ఉన్నాను. మనిషి పోయాక చాలామంది చాలా మాటలు అంటారు. నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆరేళ్ళలో నేను ఆ గదికి ఒక్కసారి కూడా పోలేదు. ఆదివారం నాకు పిల్లల నోటు పుస్తకాలు దిద్దే రోజు. ఆయన తిరిగొచ్చాక, తలెత్తకుండానే ఎట్లా అయిందని అడిగేదాన్ని. మంచిగైందనేవారు. చివరి ఏడాది మాత్రం కొత్తగా ఒక అలవాటు చేసుకున్నారు. ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, వాటిలోంచి నాకోసం వారానికొకటి తెచ్చేవారు. నా బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయేవారు. ముప్పైకి పైగా పోగయ్యాయి. ఆ వయసులో నామీద కొత్తగా ప్రేమ పుట్టిందేమోనని లోలోపల సంతోషపడ్డాను కూడా.

ఆ వేసవిలో నేను కోరుకున్నది చిన్న విషయం. జూన్ మొదటివారంలో ఏడాది మాసికం. అది అయితే ఆయన పెద్దల్లో కలిసిపోతారు, కుర్చీ ఇంకొకరిది అవుతుంది. ఆలోపు ఒక్క ఆదివారం ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆయన వంతు వచ్చినప్పుడు ఆయన వాయించే పాట నేను వాయించాలి. అంతే.

*

నేను పోయేసరికి రాజనర్సు ఎవరో ముసలాయన ఫోటోకు అద్దం బిగిస్తున్నాడు. ఆ దుకాణానికి వచ్చే ఫోటోల్లో సగం పోయినవాళ్ళవే. మా ఇంట్లో ఉన్న ఆయన ఫోటోకు కూడా అతనే ఫ్రేము కట్టాడు. నేను వచ్చిన పని చెప్పాను. అతను చాలాసేపు అద్దం తుడిచాడు.

"గీ ఎండల మీకెందుకు వదినె గీ తిప్పలు?"

"ఒక్క పాట చాలు రాజనర్సూ."

"ఏ పాట?"

ఆయన పెట్టెలో నోటు పుస్తకం ఉంది, అందులో ఒకటే పాట పది పేజీల్లో పదిసార్లు రాసి ఉందని చెప్పాను. అది శ్యామ్‌సుందర్ గారు కట్టిన పాట. మాటలు లేవు. వాళ్ళలో వాళ్ళు దాన్ని స్టేషన్ పాట అనుకునేవారు. వెంట తెచ్చిన ఆ పుస్తకం ఇస్తే రాజనర్సు తిరగేసి మూసేశాడు. మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకు రమ్మన్నాడు.

అతను మంచి పంతులు. ఈ మాట నేను ఇరవై నాలుగేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్నిగా అంటున్నాను. మొదటి రెండు వారాలు పాట జోలికే రానివ్వలేదు. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, చూపుడువేలికీ మధ్యవేలికీ ఇనప తొడుగులు. ఆ మూడు వేళ్ళూ ఒకదాని వెనక ఒకటి ఆగకుండా తిరగాలి. ఎనిమిది దెబ్బలు ఒక చుట్టు. మూడు, మూడు, రెండు. నేను పద్యానికి గణాలు విడదీసినట్టు పైకి లెక్కపెడుతుంటే అతనికి నవ్వొచ్చింది.

"వదినె, చూపుడువేలు గట్ల నిటారుగ పెట్టకురి. అల్లరి చేసే పిల్లను లేపి నిలబెట్టినట్టు ఉన్నది. జర వంచురి."

పది నెలల్లో నేను నవ్వింది అప్పుడే.

మూడోవారం పాట మొదలుపెట్టించాడు. మొదటి సగం తేలికే. రెండో సగంలో ఒకచోట చుట్టు తిరుగుతూ తిరుగుతూ బొటనవేలు పైకెగిరి పొట్టి తీగను కొట్టి, మళ్ళీ సమయానికి కిందికి రావాలి. నా బొటనవేలు ప్రతిసారీ ఒక వెంట్రుక వాసి ఆలస్యంగా దిగేది. అక్కడ పాట కుంటేది.

"ఫికర్ చెయ్యకురి" అన్నాడు. "గాడ అందరికి గట్లనే అయితది." అంటూ లేని పనేదో వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాడు.

ఇంట్లో వాయిద్యం ముఖం వెనక ఆయన పాత తువ్వాల కుక్కి సాధన చేసేదాన్ని. అప్పుడు తీగల చప్పుడు బాగా తగ్గి, చేటలో బియ్యం వేళ్ళతో ఏరుతున్నట్టు వినిపించేది. పొద్దున వంట అయ్యాక ఒక గంట, సాయంత్రం ఒక గంట. అత్తమ్మ ఆ రెండు గంటలూ తన గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. మే నెల. గోడలు సెగలు కక్కుతున్నాయి. ఉడికిపోతారు, తలుపు తీసుకోండి అత్తమ్మా అని ఒకరోజు అన్నాను.

"నాకేం కాదు. నువ్వు కానియ్యి" అంది. ఆ గొంతులో కోపం లేదు. అది ఏమిటో నాకు అంతుపట్టలేదు.

ఇంకొకటి కూడా గమనించాను. నేను ఆ రెండో సగంలో తప్పినప్పుడల్లా ఆ గదిలో గ్లాసు కింద పెట్టిన చప్పుడయ్యేది. మొదట్లో ఏదో తాగుతోందనుకున్నాను. తర్వాత, నా వాయింపు విసుగు పుట్టి అట్లా చేస్తోందనుకున్నాను. ఏడాది పూర్తికాని ఇంట్లో వాయిస్తున్నది నేను. ఆమె విసుక్కున్నా పడాలి.

*

మే నెల రెండో ఆదివారం మొదటిసారి ఆ పైగదికి పోయాను. ఇరుకు మెట్లు. పైన ఒక ఫ్యాను, గోడకు ఆనించిన ఖాళీ ఫ్రేములు, నాలుగు కుర్చీలు. మూడు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నాలుగోది మెట్ల పక్కన, కాస్త ఎడంగా ఉంది. దాని మీద పాత పేపర్ల కట్టలు ఉన్నాయి. నన్ను చూడగానే రాజనర్సు వాటిని గబగబా తీసి కింద పెట్టాడు. నేను కుర్చీని పైటకొంగుతో తుడిచి కూర్చున్నాను. ఆయన ఇక్కడినుంచి కిటికీలోంచి స్టేషన్ వైపు చూసేవారనుకున్నాను. అక్కడినుంచి కిటికీ కనిపించదు.

వాళ్ళ పద్ధతి నాకు అప్పుడే తెలిసింది. పాట మొదట అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరికి వంతు. వంతు వచ్చినవాళ్ళు ముందుకొచ్చి పాటను తమ చేతుల్లోకి తీసుకుంటారు, మిగతావాళ్ళు చప్పుడు తగ్గించి వెనక తాళం పడతారు. ఎవరి వంతో నోటితో చెప్పరు. నడిపించేది రాజనర్సు. అతను ఎవరివైపు చూసి గడ్డం కొద్దిగా ఎత్తితే వాళ్ళది వంతు. గుండ్రంగా తిరిగి మళ్ళీ అతని దగ్గరికే వస్తుంది.

ఆ రోజు నన్ను ఊరికే వినమన్నారు. మరుసటి ఆదివారం వెనక తాళం పట్టనిచ్చారు. శ్యామ్‌సుందర్ గారు తన టీ నాకు ఇచ్చి, "అంజన్ కూడా చక్కెర ఎక్కువ తాగుతుండె" అని చెప్పారు. స్వర్ణ నా వేలి తొడుగు వదులైందని చూసి తన పళ్ళతో నొక్కి బిగించింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇది ముందే రాస్తున్నాను.

నాలుగో ఆదివారం జూన్ ఒకటి. మాసికానికి ఇంకా ఐదు రోజులు. స్టేషన్ పాట మూడో చుట్టులో రాజనర్సు నావైపు చూసి గడ్డం ఎత్తాడు.

వాయించాను. మొదటి సగం సరిగ్గానే వచ్చింది. రెండో సగంలో బొటనవేలు ఆలస్యమైంది. దాన్ని అందుకోవాలని తొందరపడ్డాను. అప్పుడు చూపుడువేలు తప్పింది. తాళం నా వెనక ఎక్కడో ఉండిపోయింది. స్వర్ణ వయొలిన్‌తో మెల్లగా వచ్చి నామీద దుప్పటి కప్పినట్టు కప్పింది. పాట ముగిశాక ముగ్గురూ చప్పట్లు కొట్టారు. "మస్తు వచ్చింది వదినె" అన్నాడు రాజనర్సు. మళ్ళీ ఒకసారి వాయిద్దామని అడిగాను. వాయిద్దామన్నారు.

మళ్ళీ అదే పాట. మొదటి వంతు శ్యామ్‌సుందర్ గారిది. ఆయన తర్వాత నాది. నేను వేళ్ళు తీగల మీద సిద్ధంగా పెట్టుకున్నాను. రాజనర్సు చూపు శ్యామ్‌సుందర్ గారి మీదనుంచి లేచి, నా తల మీదుగా పోయి, స్వర్ణ మీద వాలింది. గడ్డం ఎత్తాడు. స్వర్ణ అందుకుంది. చూడలేదేమో అనుకున్నాను. తర్వాతి చుట్టులోనూ అంతే. ఆ చూపు నా దగ్గరికి వస్తుంది, ఆగదు. ఆ మూల గోడ ఉన్నట్టు నామీదనుంచి దాటిపోతుంది. శ్యామ్‌సుందర్ గారు తన వంతు చివర ఇంకో రెండు దెబ్బలు పొడిగిస్తారు, స్వర్ణ అర దెబ్బ ముందే మొదలుపెడుతుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు మూసుకుపోతుంది. బయట వినేవాళ్ళకు అక్కడ ఎవరో ఉన్నారనే తెలియదు.

ఆ పని నాకు బాగా తెలుసు. క్లాసులో వరుసగా పాఠం చదివిస్తుంటాను. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజున, కూడబలుక్కుని చదివే పిల్ల వంతు వచ్చేసరికి, నా చూపు ఆ పిల్ల మీదనుంచి పక్క పిల్ల మీదికి పోతుంది. పేరు పిలవను, వద్దనను. పిల్లకు అవమానం జరగలేదని నాకు నేను చెప్పుకుంటాను.

అందుకే నాకు ఇంకొకటి కూడా తెలిసింది. ముగ్గురు మనుషులు ఒకరికొకరు చెప్పుకోకుండా అంత నున్నగా ఆ పని చేయాలంటే ఒక్క రోజులో రాదు. చాలా ఆదివారాలు చేసి ఉండాలి.

పాట అయిపోయింది. స్వర్ణ వయొలిన్ పెట్టెలో పెడుతోంది. నేను కుర్చీలోంచి లేవకుండా అడిగాను.

"ఆయనకు కూడ గిట్లనే చేసిన్రా?"

ఎవరూ నావైపు చూడలేదు. శ్యామ్‌సుందర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి రాజనర్సే చెప్పాడు. నేల చూస్తూ, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. అన్న మనసు బంగారం. చేతిలో మాత్రం తాళం నిలవదు. ఐదేళ్ళు చూశారు. పోయిన దసరాకు కాదు, అంతకుముందు దసరాకు వీళ్ళకు ఆబిడ్స్‌లో ఒక హాల్లో వాయించే అవకాశం వచ్చింది. మొదటిసారి జనం ముందు. ఆ ప్రోగ్రాం దాకా జర ఆగమని, అయినాక పిలుస్తామని అన్నకు చెప్పారు. అన్న సరేనన్నాడు. ప్రోగ్రాం రోజు వచ్చి ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టాడు.

"అయినంక పిలిచిన్రా?"

"పిలుద్దమనే అనుకున్నం వదినె."

"ఈ కుర్చీ అప్పటి నుంచి ఖాళీయేనా?"

అతను తల ఊపాడు. కింద పెట్టిన పేపర్ల కట్టల వైపు చూశాను. నేను చూడడం అతనూ చూశాడు.

"మరి పదకొండో రోజున మా ఇంట్లో అట్లా ఎందుకు చెప్పినవ్?"

"ఇంకేం చెప్పాలె వదినె?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైనవే. దాంతో నాకేమీ ఒరగలేదు.

*

పెట్టె పట్టుకుని ఇంటివైపు కాకుండా ఆబిడ్స్ వైపు నడిచాను. ఎండ నడినెత్తిన ఉంది. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు. గొంతుకూర్చుని ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, రెండు పేజీలు చదివి, మళ్ళీ పెట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కావాలనుకుంటే ఇక్కడ ఒక పుస్తకం వెతకడానికి ఒక పూట పడుతుంది. పది గంటలకు ఇంట్లోంచి బయల్దేరి, ఒంటిగంట దాటాక ఇంటికి చేరాల్సిన మనిషికి, చేతిలో పెట్టెతో, ఇంతకంటే మంచి చోటు దొరకదు. దసరా నుంచి జూన్ దాకా ఎన్ని ఆదివారాలో వేళ్ళమీద లెక్కపెట్టాను. మా ఇంట్లో ఉన్న పుస్తకాలు అన్నే.

నేను వాటిలో చదివినవి రెండు.

ఆ వారమంతా పెట్టె ముట్టుకోలేదు. అత్తమ్మ రెండు రోజులు చూసింది. మూడోరోజు, "ఏమాయె, వాయిస్తలేవు?" అని అడిగింది. తలనొప్పి అన్నాను. కొడుకు సంగతి ఆ వయసులో ఆమెకు చెప్పి ఏం లాభమనుకున్నాను. మోసే బరువు నేనొక్కదాన్నే మోస్తానని నాలో కొంచెం గర్వం కూడా ఉన్నట్టుంది.

మాసికం శుక్రవారం. కాచిగూడలో ఉండే మా మరిది వచ్చి చేయవలసినవి చేశాడు. ఆ ముగ్గురిని నేను ముందే పిలిచాను, వద్దని మళ్ళీ చెప్పలేదు. వచ్చారు. రాజనర్సు ఫోటోకు పూలదండ తెచ్చి, తను కట్టిన ఫ్రేముకు తనే వేశాడు. నన్ను తలెత్తి చూడలేదు. మధ్యాహ్నం హాల్లో బంతి వేశాం. పదకొండు ఆకులు. మరిది, అతని పిల్లలు, ఆయన ఆఫీసువాళ్ళు, చివర ఈ ముగ్గురు. స్వర్ణకూ శ్యామ్‌సుందర్ గారికీ మధ్య రాజనర్సు కూర్చున్నాడు.

ఆయన పేరు మీద చేసే గారెలు నేనే వడ్డించాలని అత్తమ్మ అంది. గిన్నె పట్టుకుని వరుస మొదటినుంచి వచ్చాను. ఆకుకు రెండు. వంగడం, వేయడం, పక్కకు జరగడం. శ్యామ్‌సుందర్ గారి ఆకులో రెండు వేశాను. తర్వాతిది రాజనర్సు ఆకు. చేయి చాచి ఆకును సర్దుకున్నాడు. నేను ఆగలేదు. స్వర్ణ ముందు వంగి రెండు వేసి, "ఇంకొకటి వెయ్యనా అమ్మా?" అని నవ్వుతూ అడిగాను.

బంతిలో కూర్చున్న మనిషి ఆకు దాటి పోవడం కన్నా ముఖం మీద తిట్టడం మర్యాద. పుట్టి బుద్ధెరిగాక నేను ఆ పని చేయలేదు, ఎవరూ చేయగా చూడలేదు. చేస్తుంటే మాత్రం కష్టమనిపించలేదు. రాజనర్సు తలెత్తి ఒక్కసారి నన్ను చూశాడు. అతనికి అర్థమైంది. ఖాళీగా ఉన్న చోటు పక్కవాళ్ళకు కనిపించకుండా అన్నాన్ని అటు జరుపుకున్నాడు.

గుమ్మంలోంచి అత్తమ్మ వచ్చింది. నా చేతిలోని గిన్నె తీసుకుంది. మోకాళ్ళ నొప్పులతో ఆమెకు వంగడం కష్టం. గోడకు చేయి ఆనించి మెల్లగా వంగి రాజనర్సు ఆకులో రెండు గారెలు వేసింది. ఆగి ఇంకొకటి వేసింది.

"తిను బిడ్డా. నా కొడుకు పేరు మీద పెట్టింది" అంది.

అతను తిన్నాడు. మూడూ తిన్నాడు. మింగడానికి అతను పడిన అవస్థ నేను నిలబడి చూశాను.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఆమె వచ్చి పీట మీద కూర్చుంది.

"ఆకు దాటినవు."

నేను గరిటె తుడుస్తూ ఉన్నాను.

"ఎందుకు దాటినవో నాకెరుకే" అంది. "దసరా అయినంక వాడు నా పక్కన కూసోని చెప్పిండు. అమ్మా, నన్ను తీసేసిన్రే అని. ఐతారం ఐతారం పెట్టె పట్టుకొని పోయి, ముందుగాల పబ్లిక్ గార్డెన్ల కూసుంటుండె. అటెన్క నీకు ఏదో ఒక పుస్తకం తీసుకొని ఇంటికొస్తుండె. సాయంత్రం నువ్వు స్పెషల్ క్లాసులని బడిలనే ఉంటుంటివి గద, గప్పుడు ఇంట్ల గదే పాట వాయిస్తుండె. గదే పాట, గదే తప్పు. వింటె నాకు పానం పోతుండె."

చేతిలోని గరిటె గట్టు మీద పెట్టాను.

"మీరు నాకు చెప్పలేదు."

"చెప్పకన్నడు."

"ఎందుకు?"

ఆమె పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను నొప్పించాలని అనలేదు. బడి పిల్లకు తెలియని సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

"నువ్వు టీచరమ్మవు బిడ్డా. ఫేలైనా అని నీకు చెప్తడా?"

*

నాలుగు గంటలకల్లా అందరూ వెళ్ళిపోయారు. మరిది వెళ్తూ ఆకులు బయట పారేశాడు. నేను హాలు కడిగి, తడి ఆరేదాకా గుమ్మంలో నిలబడ్డాను. అత్తమ్మ తన గదిలో మంచం మీద ఒరిగింది. తలుపు వేసుకోలేదు.

"లతా" అని పిలిచింది. "ఏడాది ఎల్లింది. ఇగ ఆ బట్ట తీసెయ్యి."

పెట్టె తెచ్చి హాల్లో కూర్చున్నాను. వాయిద్యం వెనకనుంచి తువ్వాల లాగాను. అది ఆ ఆకారంలోనే ముడుచుకుపోయి ఉంది. వేళ్ళకు తొడుగులు పెట్టుకున్నాను. ఆరు వారాలు ఈ ఇంట్లో నేను విన్నది ఈ చప్పుడు కాదు. మొదటి దెబ్బకే గది అదిరింది. కిటికీ అద్దం సన్నగా మోగింది. మా ఇంట్లో ఇది ఇంత గట్టిగా మోగుతుందని తెలియదు. ఈ చప్పుడులో ఆయన రోజూ కూర్చునేవారని కూడా తెలియదు.

మొదటి సగం సరిగ్గా వచ్చింది. రెండో సగంలో బొటనవేలు పైకి పోయింది, ఆలస్యంగా దిగింది. బట్ట లేదు కాబట్టి తప్పు కూడా గట్టిగానే వినిపించింది.

లోపల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"గాడనే" అంది అత్తమ్మ. "వాడు గూడ గాడనే."

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. అక్కడికి వచ్చేసరికి మళ్ళీ అదే తప్పు. ఈసారి దాన్ని దిద్దుకోవాలని చూడలేదు. అట్లాగే పాట చివరిదాకా వాయించాను.